తాళం వేశాక మా కాలేజీ తాగే కరెంటు

మా కాలేజీలో ఎనర్జీ ఆడిట్, అంటే కరెంటు ఎక్కడ ఎంత ఖర్చవుతోందో చూసే తనిఖీ, అనే మాట కాలేజీలకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్ళు వచ్చే ముందు మాత్రమే వినపడుతుంది. ఏడో క్రైటీరియన్‌లో గ్రీన్ ఆడిట్, ఎనర్జీ ఆడిట్ చేయించారా అని అడుగుతారు. ఒక స్పైరల్ బైండింగ్ రిపోర్టు, ఒక సర్టిఫికెట్, ప్యానెల్ బోర్డు ముందు హెల్మెట్లు పెట్టుకుని ఇద్దరు మనుషులు నిలబడ్డ ఫొటో ఉంటే పని అయిపోతుంది. పోయినసారి చేయించిన రిపోర్టు ఐక్యూఏసీ (కాలేజీ నాణ్యత విభాగం) బీరువాలో భద్రంగా ఉంది. సగం పేజీల్లో శక్తి అంటే ఏమిటో, దాన్ని ఎందుకు పొదుపు చేయాలో రాసి ఉంటుంది. చివర్లో సిఫార్సులు: అవసరం లేనప్పుడు లైట్లు, ఫ్యాన్లు ఆపవలెను, ఎల్‌ఈడీలు వాడవలెను, సోలార్ పెట్టవలెను. ఈ మాటలు మా అమ్మ కూడా చెబుతుంది, పైసా ఫీజు తీసుకోకుండా.

నేను ఈఈఈలో (ఎలక్ట్రికల్ బ్రాంచిలో) పాఠాలు చెబుతాను. పల్నాడు వైపు, హైవే పక్కన ఉండే ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ మాది. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ వాళ్ళ ఎనర్జీ మేనేజర్ పరీక్ష మూడు పేపర్లూ రాసి గట్టెక్కాను. ఆడిటర్ అనిపించుకోవాలంటే నాలుగో పేపరు కూడా ఉంటుంది, అది ఇంకా రాయాలి. ఈసారి న్యాక్ దగ్గర పడేసరికి "మేడమ్, మీరు చదువుకున్న సబ్జెక్టే కదా, మీరే చూసేయండి" అని ప్రిన్సిపాల్ గారు పని నా నెత్తిన పెట్టారు. సర్టిఫికెట్ ఇవ్వడానికి బయటి ఆడిటర్ ఎలాగూ రావాలి. కొలతలైనా మనం నిజంగా తీసి పెడితే ఆయన కాపీ కొట్టడానికైనా మంచి సరుకు ఉంటుందని ఒప్పుకున్నాను. ల్యాబ్‌లో ఉన్న, కేబుల్‌కి తగిలించి కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్, వెలుతురు కొలిచే లక్స్ మీటర్, ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, మినీ ప్రాజెక్టు కోసం టాపిక్ దొరక్క తిరుగుతున్న థర్డ్ ఇయర్ పిల్లలు, కాలేజీ కట్టినప్పటి నుంచి ఇక్కడే ఉన్న మా ఎలక్ట్రీషియన్ బాబాయ్. ఇదీ నా బలగం.

ఆడిట్ అనగానే అందరూ ఫ్యాన్లు లెక్కపెట్టడానికి బయల్దేరతారు. నేను ముందు అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్ళి ఏడాది కరెంటు బిల్లులు అడిగాను. అకౌంటెంట్ గారికి ఆ బిల్లులో కావలసినవి రెండే, అడుగున ఉండే మొత్తం, కట్టాల్సిన గడువు. మిగతా గడులన్నీ ఆయనకి జాతకచక్రం లాంటివి. నాకు కావలసిందంతా ఆ గడుల్లోనే ఉంది.

మాది 11 కేవీ హెచ్‌టీ సర్వీసు, అంటే పెద్ద వాడకందార్లకి ఇచ్చే హై టెన్షన్ కనెక్షన్. కాంట్రాక్ట్ డిమాండ్, అంటే గరిష్ఠంగా ఇంత లోడ్ లాగుతామని ఒప్పుకున్న పరిమితి, 300 కేవీఏ. కాలేజీ కొత్తలో ఎవరో కన్సల్టెంట్ ముందు ముందు పెరుగుతుంది కదా అని రాసిన అంకె. పన్నెండు బిల్లులూ టేబుల్ మీద పరిచి చూస్తే, ఎండలు ముదిరిన ఏప్రిల్‌లో కూడా మీటర్లో పడ్డ గరిష్ఠ డిమాండ్ 210 దాటలేదు. మామూలు నెలల్లో 170, 180 దగ్గరే ఆగుతోంది. కానీ హెచ్‌టీలో ఎంత తక్కువ వాడినా కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతానికి డబ్బు కట్టాల్సిందే. అంటే వాడినా వాడకపోయినా ప్రతి నెలా 240 కేవీఏకి, కేవీఏకి 475 రూపాయల లెక్కన. కాంట్రాక్ట్‌ని 250కి దించితే 80 శాతం 200 అవుతుంది. చాలా నెలల్లో 40 కేవీఏ తగ్గుతుంది, అంటే 19 వేల రూపాయలు. ఒక్క స్విచ్ ఆపక్కర్లేదు.

నిజానికి దీనివల్ల ఒక్క యూనిట్ కూడా ఆదా కాదు, డబ్బే ఆదా అవుతుంది. అయినా ముందు ఇదే చెప్పాను. మేనేజ్‌మెంట్‌కి డబ్బు కళ్ళబడ్డాక మిగతా మాటలు చెవికెక్కుతాయి. ఇందులో ఒక చిక్కుంది. కొత్త బ్లాకు కడతామని, అందులో ఏసీ ఆడిటోరియం అని చైర్మన్ గారు ఎప్పటి నుంచో అంటున్నారు. దించుకున్నాక డిమాండ్ దాటితే పెనాల్టీ పడుతుంది, మళ్ళీ పెంచుకోవాలంటే డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాలి. అందుకని ఆ బ్లాకు సంగతి తేలాకే దరఖాస్తు పెడదామని నోట్‌లో రాశాను.

బిల్లులో రెండో సంగతి పవర్ ఫ్యాక్టర్, అంటే మనం లాగిన దానిలో నిజంగా పనికి వచ్చిన వంతు. హెచ్‌టీ వాళ్ళకి బిల్లు వేసేది కేవీఏహెచ్ మీద, అంటే లాగిన మొత్తం మీద. నిజంగా పనికి వచ్చిన కరెంటు 40 వేల యూనిట్లనుకుందాం. పవర్ ఫ్యాక్టర్ 0.98 ఉంటే బిల్లులో 40,800 పడుతుంది. అదే 0.88 ఉంటే 45,450. ఆ తేడా నాలుగున్నర వేల యూనిట్ల పైమాటే, దానితో ఒక్క బల్బు కూడా వెలగదు. మా బిల్లుల్లో 0.87, 0.88 అని నెలల తరబడి కనపడుతోంది. ఎవరూ అడగలేదు. అది మార్కుల శాతం కాదు కదా అడగడానికి.

ప్యానెల్ రూమ్‌కి వెళ్ళాం. పవర్ ఫ్యాక్టర్‌ని తనంతట తానే సరిచేయాల్సిన ఏపీఎఫ్‌సీ ప్యానెల్ సెలెక్టర్ స్విచ్ మాన్యువల్‌లో ఉంది.

"ఇది ఆటోలో ఎందుకు లేదు బాబాయ్?"

"ఆటోలో పెడితే కాంటాక్టర్లు ఊరికే టకటకా కొట్టుకుంటున్నాయమ్మా. ఆ మోత భరించలేక అప్పటి సూపర్‌వైజర్ గారే మాన్యువల్‌లో పెట్టేయమన్నారు."

తలుపు తీయించాను. పవర్ ఫ్యాక్టర్ పెంచే కెపాసిటర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒకదాని మూత ఉబ్బి పైకి లేచింది. ఇంకోదాని అడుగున కారిన నూనె మీద దుమ్ము అట్టకట్టింది. ఒక్కొక్కదాన్నీ ఆన్ చేయించి కేబుల్‌కి టాంగ్ టెస్టర్ తగిలించాం. 25 కేవీఏఆర్ సైజు కెపాసిటర్ బాగుంటే ఫేజుకి 30 ఆంపియర్ల పైన లాగాలి. మొదటిది 31 చూపించింది. రెండోది 11. మూత ఉబ్బినది సున్నా. పిల్లలు నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే "సార్ క్లాసులో చెప్పిన ఫేజర్ డయాగ్రమ్ ఇదేనా మేడమ్" అని ఒకడు అడిగాడు. ఇదే నాయనా, అక్కడ బాణం గుర్తు, ఇక్కడ దుమ్ము.

కెపాసిటర్లు మార్చడం, రిలే సెట్టింగు సరిచేయడం పెద్ద ఖర్చేమీ కాదు. పెట్టిన డబ్బు కొద్ది నెలల్లోనే వెనక్కి వచ్చేస్తుంది. మొత్తం ఆడిట్‌లో ఇంత తేలిగ్గా తేలిన పని ఇంకోటి లేదు. కంప్యూటర్ ల్యాబులు ఎక్కువున్న కాలేజీల వాళ్ళకి మాత్రం ఒక మాట: కంప్యూటర్లలో ఉండే ఎస్‌ఎంపీఎస్‌ల (పవర్ సప్లైల) వల్ల హార్మోనిక్స్, అంటే కరెంటు తరంగంలో వంకరలు, ఉంటాయి. కొత్త కెపాసిటర్లు తెచ్చేటప్పుడు రియాక్టర్ అనే కాయిల్‌తో కలిసి వచ్చే డీట్యూన్డ్ రకం అవసరమా అని కొలిపించుకోండి. లేకపోతే అవీ ఉబ్బుతాయి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, రాత్రి రౌండు. నేను క్యాంపస్ క్వార్టర్స్‌లోనే ఉంటాను కాబట్టి పదకొండు దాటాక బయల్దేరడం నాకు ఇబ్బంది కాదు. అకడమిక్ బ్లాకుకి తాళాలు పడ్డాయి. లోపల మనిషి లేడు. భవనానికి కరెంటు వచ్చే మెయిన్ ఇన్‌కమర్‌కి టాంగ్ టెస్టర్ తగిలిస్తే మూడు ఫేజులకీ 24, 27, 19 ఆంపియర్లు. అంటే ఎవరూ లేని భవనం సుమారు 15 కిలోవాట్లు లాగుతోంది. రాత్రికి పన్నెండు గంటలనుకుంటే 180 యూనిట్లు. ఆదివారాలు, పండగ సెలవులు, వేసవి సెలవుల్లో పగలు కూడా ఇంతే.

ఎక్కడికి పోతోందో పట్టుకోవడానికి ఒకటే దారి. బాబాయ్ ఒక్కో ఫీడర్ (భవనంలో ఒక్కో భాగానికి వెళ్ళే లైను) ఆపుతూ పోయారు. నేను అంకె పైకి చదివాను. పిల్లలు రాశారు. ఫస్ట్ ఫ్లోర్ ఆపగానే నాలుగు ఆంపియర్లు పడిపోయాయి. అక్కడ మూడు కంప్యూటర్ ల్యాబులున్నాయి. కంప్యూటర్లన్నీ షట్‌డౌన్‌లోనే ఉన్నాయి, యూపీఎస్‌లు మాత్రం పచ్చ లైటు వేసుకుని హాయిగా గుర్రు పెడుతున్నాయి. 10 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ లోడ్ ఏమీ లేకపోయినా తన కోసం తాను రెండు మూడు వందల వాట్లు తింటుంది. పైగా ఆ వేడికి బ్యాటరీల ఆయుష్షు తగ్గుతుంది. ల్యాబ్ అసిస్టెంట్‌ని మర్నాడు అడిగితే "ఆపితే మళ్ళీ ఆన్ అవుతుందో లేదో మేడమ్, టెన్షన్" అన్నాడు. ఆ భయం ఉత్తిది కాదు. ఇంటర్నల్ ఎగ్జామ్ రోజు యూపీఎస్ మొరాయిస్తే తిట్లు తినేది అతనే, కరెంటు మిగిల్చినందుకు మెచ్చుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. అందుకని ఆపమని సర్క్యులర్ ఇవ్వకుండా, మూడు ల్యాబుల లోడ్ ఒకే యూపీఎస్ మీదకి తెచ్చి మిగతా రెండూ స్పేర్‌గా ఉంచమని రాశాను. ఉన్న లోడ్ చూస్తే ఒక్కటే ధారాళంగా సరిపోతుంది.

తర్వాత వాటర్ కూలర్లు. ప్రతి ఫ్లోర్‌లో రెండు. తాళం వేసిన భవనంలో ఎవరూ తాగని నీళ్ళని తెల్లవార్లూ చల్లబరుస్తూ కంప్రెసర్లు ఆన్ అవుతున్నాయి, ఆగుతున్నాయి. పొద్దున ఏడింటికి ఆన్ అయ్యి సాయంత్రం ఆరింటికి ఆగే టైమర్ ఒకటి పెడితే చాలు. సర్వర్ రూమ్ ఆపలేం, సీసీ కెమెరాలు ఆపలేం. కానీ సర్వర్ రూమ్ ఏసీ 18 మీద ఉంది. సర్వర్లకి లోపలికి వెళ్ళే గాలి 27 డిగ్రీల దాకా ఉన్నా ఫర్వాలేదని ఆ రంగం వాళ్ళ ప్రమాణాలే చెబుతాయి. 24కి మార్చాం, ఏ సర్వరూ అలగలేదు. 2020 జనవరి నుంచి అమ్మే రూమ్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని బీఈఈ నియమం. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కూడా వాళ్ళే చెబుతారు. కొన్నది ఎప్పుడైనా, రిమోట్ చేతికి వచ్చిన మరుక్షణం మనవాళ్ళ వేలు 18 దాకా ఆగదు. పోయిన డిసెంబర్ 14న, జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం నాడు, మా సెమినార్ హాల్లో జరిగిన సభలో నేను శాలువా కప్పుకుని కూర్చున్నాను. సన్మానం శాలువా కాదు.

ఫ్యాన్ల దగ్గరికి వద్దాం. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. 45 వాట్లు ఆదా అనేసరికి ఎవరికైనా ఉత్సాహం వస్తుంది, క్లాసు రూముల్లో అన్నీ మార్చేద్దాం అంటారు. ఎన్ని గంటలు తిరుగుతుందో ఎవరూ అడగరు. క్లాసు రూమ్ ఫ్యాన్ రోజుకి ఏడు గంటలు, ఏడాదికి 200 రోజులు వేసుకుంటే 1,400 గంటలు. ఆదా 63 యూనిట్లు, యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే 500 రూపాయలు. 2,800 పెట్టి కొన్న ఫ్యాన్ డబ్బు తిరిగి రావడానికి ఐదేళ్ళు దాటుతుంది. అదే ఫ్యాన్ హాస్టల్ గదిలో పెట్టండి. మా ఎండలకి రోజుకి పద్నాలుగు గంటలు తక్కువ కాకుండా, 250 రోజులు తిరుగుతుంది. ఏడాదికి 3,500 గంటలు, 157 యూనిట్లు, 1,250 రూపాయలు. రెండేళ్ళు దాటగానే డబ్బు వచ్చేసినట్టే. ఫ్యాన్ అదే, ధర అదే, తగిలించే కొక్కెం మారిందంతే. కాబట్టి ముందు హాస్టల్, తర్వాత లైబ్రరీ, ఆ తర్వాత స్టాఫ్ రూములు, చివర క్లాసులు అని రాశాను. న్యాక్ టీమ్ హాస్టల్ గదుల్లోకి రాదు కదా మేడమ్, కనపడే చోట పెడదాం అని ఒకాయన సలహా. వాళ్ళు తలెత్తి ఫ్యాన్ చూస్తారా అని నా అనుమానం.

క్లాసు రూముల్లో బీఎల్‌డీసీ వద్దనడానికి ఇంకో కారణం రిమోట్. ట్రయల్‌గా ఒక సెక్షన్‌లో ఆరు పెట్టాం. ఒక రిమోట్ నొక్కితే ఆరూ కదులుతాయి. కొన్ని ఫోన్లలో రిమోట్‌లా పనిచేసే ఐఆర్ బ్లాస్టర్ ఉంటుందని నాకు ఆ క్లాసులోనే తెలిసింది. కంట్రోల్ సిస్టమ్స్ పాఠం మధ్యలో ఫ్యాన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి, మళ్ళీ తిరిగాయి, మళ్ళీ ఆగాయి. సబ్జెక్టుకి తగ్గ డెమోనే. క్లాసులకి కొనేటప్పుడు గోడ రెగ్యులేటర్‌తో నడిచే రకమే అడగండి. ఇక కాలిపోయిన పాత ఫ్యాన్లని రీవైండింగ్‌కి పంపడం మాత్రం వెంటనే మానాలి. రీవైండ్ చేసి తెచ్చిన ఒక ఫ్యాన్ కొలిస్తే 92 వాట్లు చూపించింది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి, కొత్తది కొంటే కనీసం అదైనా చూసి కొనొచ్చు.

లైట్ల విషయంలో ఎల్‌ఈడీ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. పాత ట్యూబు, దాని చోక్ కలిసి 50 వాట్లు, ఎల్‌ఈడీ ట్యూబు 20. మా దగ్గర చాలావరకు మారిపోయాయి. నన్ను ఆపిన సంగతి వేరే. సెకండ్ ఫ్లోర్ క్లాసులో పదకొండింటికి లక్స్ మీటర్ పెడితే కిటికీ పక్క బెంచి మీద 900, అవతలి గోడ పక్క బెంచి మీద 140. క్లాసుకి 300 ఉంటే చాలు. లోపలి వరుసకి లైటు కావాలి, కిటికీ వరుసకి అక్కర్లేదు. కానీ వైరింగ్ ముందు నుంచి వెనక్కి వేశారు. ముందు లైట్లకి ఒక స్విచ్, వెనక లైట్లకి ఒక స్విచ్. గోడ పక్క పిల్లాడికి వెలుతురు కావాలంటే ఎండలో కూర్చున్నవాడికి కూడా లైటు వేయాల్సిందే. కిటికీకి సమాంతరంగా వరుసకో స్విచ్ ఇస్తే సరిపోతుంది. కట్టేటప్పుడు ఆలోచిస్తే దీనికి రూపాయి ఎక్కువ అవదు. ఇప్పుడు గోడలు తొలవాలి, అందుకే ఎవరూ ముందుకు రావడం లేదు.

గర్ల్స్ హాస్టల్‌కి నేనే వెళ్ళాను. వార్డెన్ గారి గదిలో ఓ మూల ఇమ్మర్షన్ రాడ్ల గుట్ట ఉంది. తనిఖీలో పట్టుకున్నవి. "ఎన్నిసార్లు తీసుకున్నా మళ్ళీ తెస్తారండీ" అన్నారావిడ. పైన సోలార్ వాటర్ హీటర్ ఉంది కదా అని మేడ ఎక్కాను. ఉంది. మా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. ట్యూబుల నిండా, పైపుల నిండా తెల్లగా పేరుకుపోయింది. వేలితో గీకితే రాయిలా ఉంది. కుళాయి తిప్పితే గోరువెచ్చని నీళ్ళు సన్నని ధారగా వస్తాయి, ముగ్గురు స్నానం చేసేసరికి అవీ అయిపోతాయి. డిసెంబర్ పొద్దున ఆరింటికి పిల్లలు రాడ్ పెట్టుకోక ఏం చేస్తారు? ఒక్కో రాడ్ 1,000 నుంచి 1,500 వాట్లు. ఒకేసారి నలుగురు పెడితే ఎంసీబీ పడుతుంది, అప్పుడు బాబాయ్‌కి ఫోన్ వస్తుంది. సిఫార్సుల్లో రాడ్ల నిషేధం గురించి ఒక్క ముక్క రాయలేదు. యాసిడ్ వాష్, లోపలికి వెళ్ళే నీటికి సాఫ్ట్‌నర్, ఏడాదికోసారి సర్వీసు అని మాత్రం రాశాను.

పై ఫ్లోర్ స్టాఫ్ ఏసీలు అడుగుతున్నారు, వాళ్ళ బాధ నిజమే. మే నెల మధ్యాహ్నం మా స్లాబు మీద థర్మామీటర్ పెడితే 58 డిగ్రీలు. ట్యాంకు పక్కన ఎప్పుడో తెల్లరంగు వేసిన ముక్క ఉంది, దాని మీద 43. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అంటూ చేసింది ఇలాంటి పనే. మా ఊళ్ళో మిద్దెల మీద సున్నం కొట్టించినవాళ్ళకి పాలసీ అక్కర్లేకపోయింది. మేడంతా కూల్ రూఫ్ పెయింట్ వేశాక కూడా ఉక్కపోస్తే అప్పుడు ఏసీల సంగతి మాట్లాడదామన్నాను. స్టాఫ్ రూమ్‌లో కొందరు నాతో మాట్లాడటం తగ్గించారు.

మీటింగ్‌లో కెపాసిటర్లు, టైమర్లు, మేడ మీద తెల్లరంగు వెంటనే శాంక్షన్ అయ్యాయి. హాస్టల్ ఫ్యాన్లు రెండు విడతల్లో. సోలార్ హీటర్ బాగు చేయడానికి కొటేషన్లు తెప్పించమన్నారు. స్విచ్ వైరింగ్ వేసవికి వాయిదా. చైర్మన్ గారి మనసంతా 100 కిలోవాట్ల సోలార్ ప్లాంటు మీద ఉంది. కిలోవాట్‌కి రోజుకి నాలుగు యూనిట్ల లెక్కన 400 యూనిట్లు వస్తాయి, నేను వద్దనను. ముందు వృథా ఆపి, అప్పుడు మిగిలిన పగటి లోడ్‌ని బట్టి సైజు చూసుకుందాం అన్నాను. లేకపోతే తాళం వేసిన భవనంలో వాటర్ కూలర్లు నడపడానికి ప్యానెళ్ళు కొన్నట్టవుతుంది. ఆయన నవ్వి, మూడు నెలల బిల్లులు చూశాక మాట్లాడదాం అన్నారు.

కొత్త బ్లాకు డ్రాయింగులు కూడా అదే టేబుల్ మీద ఉన్నాయి. పడమటి వైపు కింది నుంచి పై దాకా అద్దాలే. హైదరాబాద్‌లో లాగా ఉండాలని ఆర్కిటెక్ట్‌కి చెప్పారట. హైదరాబాద్‌లోనే సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది సార్, అమెరికా బయట మొదటి లీడ్ ప్లాటినం (హరిత భవనాలకిచ్చే పై రేటింగ్) భవనం అది, చిల్లుల జాలీ గోడలు, మధ్యలో ముంగిలి, గాలిని లోపలికి తెచ్చే టవర్లు, ఓసారి చూసి రండి అన్నాను. కనెక్టెడ్ లోడ్, అంటే బిగించిన పరికరాల మొత్తం సామర్థ్యం, 100 కిలోవాట్లు దాటితే భవనాల ఇంధన పొదుపు కోడ్ వర్తిస్తుందని, పైకప్పు ఇన్సులేషన్, అద్దం రకం అన్నీ దాని లెక్కకి రావాలని కూడా చెప్పాను. ఆర్కిటెక్ట్‌తో వచ్చే వారం కూర్చోబెడతానన్నారు. ఆ పడమటి గోడ మీద మధ్యాహ్నం మూడింటికి ఎంత ఎండ పడుతుందో పిల్లలు కొలిచి పెడుతున్నారు.